గోడలో పెట్టిన కిటికీ

మణికొండలో నేనుండే లేడీస్ హాస్టల్‌లో ఒక పద్ధతి ఉంది. గదికి రెండు మంచాలు. ఒకటి కిటికీ పక్కన, ఇంకొకటి గోడ పక్కన. కొత్తగా వచ్చినవాళ్లకు గోడ మంచమే. కిటికీ పక్కనున్న అమ్మాయి పెళ్లి కుదిరో, బెంగళూరులో ఉద్యోగం దొరికో వెళ్లిపోతే, గోడ పక్కనున్న అమ్మాయి అటు జరుగుతుంది. ఈ నియమం ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ దాటరు. మా గోడకు ఆనుకునే పక్క హాస్టల్ గోడ. రెండు మంచాల మధ్య ఇనుప బీరువాలు అడ్డం, కిటికీ గాలి ఇటు రాదు. ఆ గోడ పక్కన రెండేళ్లు పడుకుని నేను కిటికీ సంపాదించుకున్నాను. ఆఫీసులో ప్రమోషన్ రాలేదు గానీ ఇది మాత్రం వచ్చింది.

నా ఉద్యోగం హైటెక్ సిటీలో ఒక మార్కెటింగ్ కంపెనీలో. సోషల్ మీడియా పోస్టులు తయారుచేస్తాను. ఒకప్పుడు రాసేదాన్ని. ఇప్పుడు ఏఐకి చెప్పి రాయించి, అది ఇచ్చిన పది వాక్యాల్లో తొమ్మిది కొట్టేస్తాను. రాయడం కంటే కొట్టేయడానికే ఎక్కువ ఓపిక కావాలంటే ఎవరూ నమ్మరు. "అన్నీ అదే చేసేస్తుంది కదా, నీకేం శ్రమ?" అంటూ మా మేనేజర్ ఇంకో మూడు పనులు నా నెత్తిన పడేస్తాడు. సాయంత్రమయ్యేసరికి, ఏఐ ప్రతి పోస్టులో దూర్చే 'మీ కలల' అన్న మాట ఎక్కడ కనబడినా నాకు ఒళ్లు మండుతుంది.

ఆ శుక్రవారం కొత్తగా చేరినవాళ్లకు నేనే క్లాసు చెప్పాను. ఏఐకి ఏం కావాలో చెప్పడం సరిపోదు, ఏం వద్దో కూడా చెప్పాలి. ఫోటో బాగుచేయమంటే అది లేనివి కూడా తెచ్చిపెడుతుంది, కాబట్టి అసలు ఫోటో పక్కన పెట్టుకుని చూశాకే పోస్ట్ చేయాలి. అందరూ బుద్ధిగా రాసుకున్నారు.

హాస్టల్‌కి చేరేసరికి మా యజమానురాలు ఆంటీ మెట్ల దగ్గరే కాచుకుని ఉంది. నా గదిలో గోడ పక్కనుండే అమ్మాయి ఆ వారమే ఖాళీ చేసి వెళ్లింది. కింది అంతస్తులోనూ గోడ మంచాలు ఖాళీ. అందరూ కోకాపేట వైపు పోతున్నారని ఆంటీకి బెంగ.

"జర నీ ఏఐతోని మంచి పోస్టు ఒకటి చెయ్యి బిడ్డా. రూము చూస్తే రావాలనిపియ్యాలె."

"రేపు చేస్తానాంటీ."

"రేపేంది? గిప్పుడే చెయ్యరాదు. ఐదు నిమిషాల పనేనాయె."

ఐదు నిమిషాల పనే అన్న మాట పొద్దున్నుంచి వినడం అది నాలుగోసారి. వాదించే ఓపిక లేక, చెప్పులు కూడా విప్పకుండా ఆ ఖాళీ గోడ మంచాన్ని ఫోటో తీశాను. గది వెలుతురుగా, గాలి ఆడుతున్నట్టు చూపించమని ఏఐకి చెప్పాను. ఏం వద్దో చెప్పలేదు. అది మంచం మీద కొత్త దుప్పటి వేసింది, పెచ్చులూడిన గోడకు రంగు కొట్టింది, ఆ గోడలోనే పెద్ద కిటికీ ఒకటి పెట్టింది. తెల్ల పరదా, బయట పచ్చటి కొమ్మ. కిటికీని నేను చూశాను. చూడలేదంటే అబద్ధం. బాగుందిలే అనుకుని పోస్ట్ చేసి, అన్నం తిని పడుకున్నాను.

ఆదివారం పొద్దున సూర్యాపేట నుంచి ఒక అమ్మాయి, వాళ్ల నాన్న వచ్చారు. మర్నాడే గచ్చిబౌలిలో ఆ అమ్మాయి మొదటి ఉద్యోగంలో చేరాలి. ఆంటీ వాళ్లను నా గదికి తీసుకొచ్చింది. ఆయన సెల్లో నా పోస్టు తెరిచి గోడ వైపు చూశాడు, మళ్లీ సెల్లోకి చూశాడు. తర్వాత వెళ్లి గోడకు అరచేయి ఆనించాడు.

"గీ కిటికీ ఏదమ్మా?"

"ఉన్నది గద, గటు," అంది ఆంటీ, నా మంచం వైపు చెయ్యి చూపిస్తూ.

"ఉన్నది గని, మంచం గిటున్నదాయె." ఆయన గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. "దీనికి దమ్ము బీమారున్నదమ్మా. గాలాడకుంటే రాత్రంత కూసునే ఉంటది. గీ కిటికీ చూసే ఇక్కడికొచ్చినం."

"ఏం కాదు బాపూ, నేనుంటా," అంది అమ్మాయి, ఇన్హేలర్ ఉన్న చేతిని వెనక్కి పెట్టుకుంటూ.

ఆయన సంచీ భుజానికెత్తుకున్నాడు. "పా బిడ్డా, ఇంటికి పోదాం. ఒక్కపూటల ఇంకో హాస్టల్ ఏడ వెతుకుతం? నౌకరి ఇంకోటి దొర్కుతది."

ఆంటీ నా వైపు చూసింది, నోరు మాత్రం విప్పలేదు. విప్పి ఉంటే పోట్లాడేదాన్ని. రెండు ఎండాకాలాలు ఆ గోడ పక్కన ఉడికిపోయాను, ఈ కిటికీ నాది అని అరవాలనిపించింది. ఆ పిల్ల మాత్రం తలుపు దగ్గర ఆగి, ఇంకా కిటికీ వైపే చూస్తోంది.

"ఆ ఫోటోలో కిటికీ పెట్టింది నేనేనండి. అది లేదు. మీ అమ్మాయిని నా మంచం తీసుకోమనండి," అన్నాను. దీన్ని మంచితనమంటే నేనొప్పుకోను. సిగ్గేసింది, అంతే.

"మరి నువ్వెక్కడ పంటవు బిడ్డా?"

గోడ చూపించాను. ఆయన నా పరుపు తనే మోసుకొచ్చి గోడ మంచం మీద వేసి, దుప్పటి అంచులు సర్దాడు. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

నేను ఆ పోస్టు తీసేశాను. కింది మంచాలను ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీసి, 'ఈ మంచానికి కిటికీ లేదు' అని నా చేత్తోనే రాసి పెట్టాను. ఆంటీ తల కొట్టుకుంది.

గోడ పక్కన తెల్లవారినట్టు తెలియదు. ఉక్కలో ఎప్పటికో కన్నంటుకుంది, సోమవారం లేచేసరికి ఎనిమిదిన్నర. అమ్మాయి అప్పటికే తయారై, ఎండలో నిలబడి తల దువ్వుకుంటోంది.

"నాకు మంచిగ నిద్రపట్టిందక్కా. మరి నీకు?"

నా తల దగ్గరే, సరిగ్గా ఏఐ కిటికీ పెట్టిన చోట, పెచ్చు ఇంకొంచెం ఊడి దిండు మీద పడి ఉంది.

"పట్టింది," అన్నాను. ఈ అబద్ధానికి ఏఐ సాయం అక్కర్లేకపోయింది.