చారు గిన్నె తప్పును దేవుడు బయటపెట్టిన విధం

సహోదరులారా, సహోదరీలారా, మా ఇంట్లో నవ్వు వినపడని ఆ ఏడాదిన్నర గురించి రాయమని మన పాస్టరుగారు నన్ను మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ కుదరదన్నాను, ఎందుకంటే ఈ సాక్ష్యంలో తప్పు చేసినది సైతాను కాదు, నేనే! అయినా మీలో కొందరి వల్ల విసుగు పుట్టి ఇక రాయక తప్పదని కూర్చున్నాను, ఎవరి వల్లో ఎందుకో చివర చెబుతాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఈ బెంగాలీ ఊళ్లో, వాట్‌గంజ్ పేటలో మా ఇంట్లో ఉండేది నలుగురం, రేవులో క్రేను నడిపే మా అబ్బాయి దానియేలు, కోడలు రూతు, వాళ్ల ఏడేళ్ల కూతురు లిల్లీ, నేను. లిల్లీ మెట్లు రెండేసి చొప్పున దూకే పిల్ల! అలాంటిది పొట్ట పట్టుకుని మూల కూర్చోవడం మొదలుపెట్టింది, మొహం పాలిపోయింది, కంచం చూస్తే పక్కకి తిరిగేది, నిన్న చెప్పిన పాఠం ఇవాళ గుర్తుండటం లేదని బడినుంచి కబురొచ్చింది, ఆదివారం బడిలో కంఠత వాక్యం చెప్పమంటే సగంలో ఆగిపోయి ఏడ్చేది. నేనేం చేశాను? "ఒళ్లు బద్దకం గుంటా, అంతా నటన!" అని కసిరాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. ఇదిగో, రాసేశాను, దాచలేదు.

ఒక డాక్టరు నులిపురుగులన్నాడు, ఇంకో డాక్టరు రక్తం తక్కువని టానిక్కు రాసిచ్చాడు, మూడో ఆయన పిల్లకి బడి ఇష్టం లేదు అంతే అన్నాడు. ఇక మన స్త్రీల కూడికవాళ్లు! ప్రార్థించడానికని వచ్చి, నా టీలో మూడేసి చెంచాల పంచదార వేసుకుని, ఒకమ్మ దిష్టి అంది (బాప్తిస్మం తీసుకున్న మనిషి!), ఒకమ్మ టీవీ వల్ల అంది, ఇంకొకమ్మ మీ ఇంట్లో విశ్వాసం చాల్లేదంది. విశ్వాసమట! మోకాళ్లు కాయలు కాచిన నాకు!

ఇక నా వైద్యం నేనే మొదలుపెట్టాను. మా అత్తగారు శ్రీకాకుళం నుంచి వచ్చేటప్పుడు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న ఇత్తడి గిన్నె మా ఇంట్లో ఉంది, లోపల కళాయి, అంటే తగరం పూత, లేకుండా అందులో చింతపండు వెయ్యకూడదని, వేస్తే పులుసు చిలుమెక్కుతుందని ఆవిడ నేర్పింది, అందుకని ఏటా క్రిస్మస్‌కి ముందు దానికి కళాయి వేయించడం మా ఇంటి పద్ధతి. లిల్లీకి చేప వద్దు, పప్పు వద్దు, ఆ గిన్నెలో మరిగిన చారైతే మాత్రం నాలుగు ముద్దలు దిగేవి. సరేనని పొద్దునా చారు, సాయంత్రమూ చారు, బడికి కట్టేది కూడా చారన్నమే, అది చాలదన్నట్టు "తాగే, ఓపికొస్తాది" అని గ్లాసుతో పట్టించాను. నేను పట్టించినకొద్దీ పిల్ల వాడిపోయింది!

ఒక మధ్యాహ్నం నాకు ఓర్పు చచ్చిపోయి వంటింట్లోనే మోకరించాను. "ప్రభువా, ఏటి నీ ఉద్దేశం? చెవులు చేసిన నీకు మా గోల వినబడదా? ఈ ఇంట్లో ఏదో తప్పు దాగుంది, అదెవరిదో బయటపెట్టు, ఎవరిదైనా సరే నేనూరుకోను!" అని అరిచినట్టే ప్రార్థించాను. ఎవరిదైనా అన్నానుగాని, సహోదరులారా, నా మనసులో ఉన్నది మా కోడలే, ఆరాధనలో కూడా ఫోను చూసుకుంటుందని నాకు దానిమీద కోపం. దేవుడు విన్నాడు! వినడమంటే విన్నాడుగాని, నేను చూపించిన వైపు చూడకుండా నావైపే తిరిగాడు!

ఆ వచ్చే ఆదివారమే స్వప్న మన సంఘానికి మొదటిసారి వచ్చింది. వరంగల్లు పిల్ల, ఇక్కడొక ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది, వండే పాత్రల్లోంచి ఏ లోహం ఎంత కూడులోకి దిగుతుందో కొలవడమే ఆమె చదువట. గిన్నెలు చూడ్డానికి పై చదువులేటని లోపల నవ్వుకున్నాను. ఆమె లిల్లీ తలమీద చెయ్యి వేసి ప్రార్థించింది, ప్రార్థించి ఊరుకోక, "అమ్మమ్మా, పాప ఎక్కువ ఏం తింటది? దేంట్ల వండుతవ్?" అని అడిగింది. చెబితే గిన్నె సంగతి తవ్వడం మొదలుపెట్టింది. నాకు చిర్రెత్తుకొచ్చి, "మూడు తరాలు తిన్న గిన్నెమ్మా అది, దానికి వంకలెట్టకు" అన్నాను.

"గిన్నెకు వంక పెడ్తలేనమ్మమ్మా. లోపటి కళాయి ఎప్పుడేయించినవ్? పాపకు ఎప్పటిసంది మంచిగ లేదు?"

వేళ్లమీద లెక్కపెట్టాను. రెండూ ఒకటే, ముందటేడు క్రిస్మస్! ఖిదిర్‌పూర్ బజారులో నలభై ఏళ్లు మాకు కళాయి వేసిన ముసలాయన ఆ ఏడు కొట్టు మూసేశాడు, పేవ్‌మెంటు మీద కొత్తవాడొకడు కొలిమి పెట్టుకుని కూర్చున్నాడు, వాడితో నేను అరగంట బేరమాడాను, నా బేరం మీకు తెలియనిదా! చివరికి వాడు విసిగిపోయి, "మాసీమా, ఈ డబ్బులకి మంచి తగరం రాదు, వేరేది కలపాలి" అని పిన్నీ వరస కలిపి బెంగాలీలో చెప్పనే చెప్పాడు. నేనేమన్నానో తెలుసా? "ఏదో ఒకటి కలుపు, మెరిస్తే చాలు" అన్నాను. మెరిసింది, సహోదరులారా, అద్దంలా మెరిసింది! నిరుటి క్రిస్మస్‌కీ మెరుపు తగ్గలేదని మళ్లీ వేయించే ఖర్చు కూడా మిగుల్చుకున్నాను!

మర్నాడు గిన్నెని పాత చీరలో మూటగట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. "మాసీమా, బిరియానీ మాకు లేదా?" అని కండక్టరు నవ్వుతాడు! నా పరువు మూటలో ఉంటే వాడికి బిరియానీ కావలసొచ్చింది. ప్రయోగశాలలో స్వప్న ఒక యంత్రం తీసింది, జుట్టు ఆరబెట్టుకునే మిషనంత ఉంది, దాన్ని గిన్నె లోపల ఆనించి మీట నొక్కితే కంటికి కనపడని కిరణం వెళ్లి తాకుతుందట, తాకితే ఒక్కో లోహం తనదైన వెలుగే తిరిగి విసురుతుందట, ఆ వెలుగుని బట్టి అదేదో యంత్రం పోల్చుకుంటుందట, గోకక్కర్లేదు, కరిగించక్కర్లేదు. తెరమీద కొండల్లా గీతలు లేచాయి. "ఇది రాగి, ఇది జింకు, ఇవి ఇత్తడివి. ఇది తగరం, ఎంత చిన్నగున్నదో చూడు. ఈ పొడుగుది సీసం, అమ్మమ్మా" అంది.

"నీ మిషను చెడిపోయింది, మళ్లీ పెట్టు" అన్నాను. పాపం ఆ పిల్ల పక్కనున్న స్టీలు గ్లాసుకి పెట్టింది, ఆ పొడుగు గీత లేవలేదు, మళ్లీ నా గిన్నెకి పెట్టింది, లేచింది, మూడుచోట్ల పెట్టింది, మూడుచోట్లా లేచింది! నేనూరుకుంటానా, "పూతలో ఉంటే చారులోకి దిగినట్టేనా?" అని వాదించాను. ఆమె కోప్పడుతుందనుకుంటే చప్పట్లు కొట్టింది. "మంచిగడిగినవ్! మా సారు గూడ ఇదే అడుగుతడు." వెంటనే నా గిన్నెలో కొంత, స్టీలు గిన్నెలో కొంత చింతపండు నీళ్లు మరిగించి, రెండిటినీ వేరే వేరే సీసాల్లో పోసి, చుక్కలోని లోహాన్ని కూడా లెక్కపెట్టే పెద్ద యంత్రానికి పంపింది. జవాబు వచ్చేదాకా పిల్లకి చారు బందు, డాక్టరు దగ్గర సీసం పరీక్ష అని అడిగి రక్తం ఇవ్వాలి అంది.

ఆ మూడు రోజులూ నేను చేసిన ప్రార్థన రాయడానికి సిగ్గుగా ఉంది. "ప్రభువా, ఆ యంత్రం తప్పని చూపించు" అని! పిల్ల బాగుపడాలని కాదు, నా మాట నెగ్గాలని! మూడో రోజు జవాబొచ్చింది. స్టీలు గిన్నె నీళ్లు శుభ్రం. నా గిన్నె నీళ్ల నిండా సీసం, పులుపే దాన్ని పూతలోంచి లాగేస్తుందట. పిల్ల రక్తంలోనూ అదే. మేం ముగ్గురం చేపల పులుసు వేరే మట్టి దాకలోది తింటాం, చారు ఎప్పుడోగాని ముట్టం, దాని మీద బతికినది లిల్లీ ఒక్కతే, పైగా చిన్నపిల్లల ఒళ్లు సీసాన్ని పెద్దవాళ్లకన్నా ఎక్కువ పీల్చుకుంటుందని డాక్టరు చెప్పాడు. అంటే నా చేత్తో నేనే! గ్లాసుతో! ఓపికొస్తాదని!

ఆ రోజు రూతు ముందు, లిల్లీ ముందు మోకరించాను. "ప్రభువా, వీళ్లని విసుక్కున్నాను, నిన్ను విసుక్కున్నాను, నన్నుతప్ప అందర్నీ విసుక్కున్నాను, క్షమించు" అన్నాను. రూతు వచ్చి నా పక్కన మోకరించింది. నా కోడలి మంచితనం నాకు అప్పటిదాకా కనబడలేదు!

ఒక్క రాత్రిలో అద్భుతం జరిగిందని రాస్తే మీకు బాగుంటుంది, కానీ అలా జరగలేదు. ఆసుపత్రి మందులు, పాలు, గుడ్లు, నెలనెలా రక్తపరీక్ష, ప్రతిసారీ సీసం కొంచెం కొంచెం దిగుతూ వచ్చింది. పాఠాల్లో ఇంకా కొంచెం వెనకే ఉంది, అది ఓర్పుగా నేర్పుకోవాలన్నారు, ఓర్పుగా అంటే నేను కాదు, రూతు నేర్పుతోంది. కానీ మొన్న ఆదివారం బడిలో కంఠత వాక్యం ఒక్క తప్పు లేకుండా చెప్పింది! మెట్లు మళ్లీ రెండేసి దూకుతోంది! చారు వడ్డిస్తే నా మొహంలోకి చూసి "ఏ గిన్నె, నాన్నమ్మా?" అని అడిగిగాని ముద్ద ఎత్తదు, నాకే ఎదురు ప్రశ్న! దేవునికే మహిమ!

పాతసామానువాడు ఆ గిన్నెకి మంచి ధర చెప్పాడు. జీవితంలో మొదటిసారి వచ్చే డబ్బు వద్దన్నాను, వాడికిస్తే కరిగి ఇంకో ఇంటి పిల్ల చారులోకి వెళ్తుంది.

ఇక నా విసుగు సంగతి. ఆ కళాయివాడు చవక అని ఆ క్రిస్మస్‌కి స్త్రీల కూడికలో డప్పు కొట్టినది నేనే, మీలో చాలామంది నా మాట విని గిన్నెలు మోసుకెళ్లారు. ఇప్పుడేమో గిన్నె సంగతి నేను నోటితో చెబితే విని కన్నీళ్లు పెట్టుకుంటారు, పాస్టరుగారు ఏ నూనె రాసి ప్రార్థించారని అడుగుతారు, ఇంటికెళ్లి అదే గిన్నెలో పులుసు కాస్తారు! మీకేటైంది? నేను దేవుణ్ణి జవాబడిగి, జవాబు యంత్రం నోట వచ్చిందని మూడు రోజులు తన్నుకున్నాను, మీరు మూడు నెలలుగా తన్నుకుంటున్నారు!

ఆయన్ని నమ్మండి, సహోదరులారా, నమ్మడమంటే ఆయన చూపించినదాన్ని కళ్లు తెరిచి చూడడం కూడా. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక స్వప్న వాళ్ల సారు దగ్గర అనుమతి తీసుకుని ఆ యంత్రంతో మన హాల్లో కూర్చుంటుంది, ఎవరింటి పిల్లలు నీరసంగా ఉన్నారో నాకు తెలుసు, రాకపోతే మీ ఇళ్లకొచ్చి మీ వంటింట్లోంచి నేనే ఎత్తుకొస్తాను. సిగ్గుపడకండి, అందరికంటే ముందు నా గిన్నె బల్లమీద బోర్లించి ఉంటుంది. దాని పక్కన మీవి పెట్టండి.