గడియారం కింద కాఫీ గింజలు

నేను నర్సింగ్‌లో చేరాల్సిన ఏడు, తాత దాచిన గంటల గడియారాన్ని ఫీజు కోసం అమ్మేద్దామని అమ్మా నేనూ అరకు సంతకు తీసుకెళ్లాం. పాత సామాన్లు కొనే షావుకారు చెక్కా గాజూ తడిమి చూసి, తన బల్ల మీద పెట్టి కీ ఇచ్చాడు. లోలకం నాలుగుసార్లు ఊగి ఆగిపోయింది.

"ఇది సచ్చిపోనాది. తుక్కు రేటుకైతే తీసుకుంటాను," అన్నాడు.

చుట్టూ జనం. నాకు తల కొట్టేసినట్టయింది.

అమ్మ మాత్రం నవ్వింది. "వొంకర నీ బల్లకి బాబూ, గడియారానికి కాదు," అంటూ, మా ఇంటి ఎగుడుదిగుడు అరుగు మీద పెట్టినట్టే కొంగు ముడిలోంచి రెండు కాఫీ గింజలు తీసి దాని కాలి కింద దూర్చి, లోలకాన్ని కదిపింది. గడియారం టిక్కుటిక్కుమంటూ నడిచి గంట కూడా కొట్టింది!

షావుకారు అమ్మ అడిగినంతా ఇచ్చి, గడియారంతోపాటు గింజలూ తీసుకోబోయాడు.

"అవి మా తోటవి బాబూ. ఆటి రేటు ఏరే!"

సంతంతా నవ్వింది. అమ్మ తీసి నా చేతిలో పెట్టిన ఆ గింజలు ఇవాళ్టికీ నా నర్సు కోటు జేబులోనే ఉన్నాయి.