పంటి డాక్టరు దగ్గర దొరికిన భాష

పంటి డాక్టరు త్వరలో క్లినిక్కు మూసేస్తానని చెప్పినప్పటి నుంచీ రిసెప్షనిస్టుకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఫోన్లెత్తడం, పేషెంట్లను లోపలికి పిలవడం తప్ప ఆవిడకు వేరే పని రాదు. బాగా ఆలోచించి, ప్రోగ్రామింగ్ నేర్చుకుంటానని ఇంట్లో చెప్పింది. మొగుడు నవ్వలేదు గానీ, చాలాసేపు దగ్గాడు.

నేర్చుకున్న భాష క్లినిక్కులోని ముసలి కంప్యూటర్లోనూ, ఆడపడుచు ఇచ్చిన లాప్‌టాప్‌లోనూ ఒకేలా నడవాలి, ఆపైన ఉద్యోగమూ తెచ్చిపెట్టాలి. అలాంటిది ఏదో ఆవిడకు తెలియదు. అదృష్టం కొద్దీ సాఫ్ట్‌వేర్ వాళ్లకూ పళ్లు పుచ్చుతాయి కాబట్టి, వచ్చినవాళ్లనే అడగసాగింది. ఒకాయన పైథాన్ అన్నాడు. పక్కనున్నామె సీ షార్ప్ అంది. ఇద్దరూ బుగ్గలు పట్టుకునే వాదులాటకు దిగి, ఆ ఊపులో నొప్పి మరిచిపోయి, డాక్టరును చూడకుండానే వెళ్లిపోయారు. చీవాట్లు మాత్రం రిసెప్షనిస్టు తింది.

చివరికి ఒక కంపెనీ టీమ్ లీడరు జ్ఞానదంతం పీకించుకుని, నోట్లో దూదితో తూలుకుంటూ బయటికొచ్చాడు.

"సార్, ఇప్పుడు ఏది మంచిదంటారు?" అని అడిగింది.

"జావ," అనేసి ఆయన వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆవిడ జావా పాఠాలు మొదలుపెట్టింది. తెర మీద తప్పులు ఎర్రగా వరస కడుతుంటే అత్తగారు పక్కన చేరి, అదేదో అడుగుతోంది, మర్యాదగా జవాబు చెప్పమనేది. కిందా మీదా పడి, పేషెంట్లను వరసగా పిలిచే ప్రోగ్రాం ఒకటి రాసింది. రెండు కంప్యూటర్లలోనూ నడిచింది. కాకపోతే వైద్యం అయిపోయినవాళ్లనే మళ్లీ లోపలికి పిలిచేది.

టీమ్ లీడరు మరోసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, పని ముగించుకుని వెళ్లబోతుంటే అది ఆయన్నీ పిలిచింది. ఆయన భయంగా దవడ పట్టుకున్నాడు. ఆవిడ పరుగున వచ్చి, ఆయన జావా నేర్చుకోమన్నందుకే ఇది రాయగలిగానని చెప్పింది.

"నేను చెప్పింది తాగే జావండీ," అన్నాడాయన. "ఏం తింటారని అడుగుతున్నారనుకున్నాను."

ఆవిడ మొహం వెలవెలబోయింది.

"భాష గురించని తెలిసినా జావాయే చెప్పేవాణ్ణిలెండి," అంటూ ఆయన కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

ఇద్దరూ కలిసి తప్పు పట్టుకునేదాకా డాక్టరు లోపల ఖాళీ కుర్చీ ముందు ఎదురుచూస్తూ నిలబడ్డాడు. వెళ్తూ వెళ్తూ టీమ్ లీడరు, తమ దగ్గర కొత్తవాళ్లను తీసుకుంటున్నారని చెప్పాడు. మొదటి ఇంటర్వ్యూ తప్పినా, రెండోదాంట్లో ఆవిడకు అక్కడే ఉద్యోగం వచ్చింది.

చేరాక తెలిసింది, ఆవిణ్ణి వేసిన టీములో జావా ఊసే లేదని. ఇప్పుడు వాళ్లు వాడేదే నేర్చుకుంటోంది. బాగానే వస్తోందట.