పెండ్లి అక్షరాలు

ఇంగ్లీషు గొలుసుకట్టు టైపును చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందంగా ఉంటుంది, ఎవరు కాదన్నారు? ఉండాల్సిన చోట ఉండాలి కదా!

యాభైల చివర్లో అనంతపురంలో ఒక ప్రెస్సువాళ్ళు మద్రాసు నుంచి ఆ టైపు తెప్పించారు. ఒక్కో అక్షరానికీ కాకరతీగలా ముందొక మెలిక, వెనకొక మెలిక. కాస్త కలిగినవాళ్ళంతా పెళ్ళిపత్రికలు అందులోనే వేయించేవాళ్ళు. ఇంగ్లీషు ముక్క రానివాళ్ళు కూడా దూరం నుంచే గుర్తుపట్టి "పెండ్లి అక్షరాలు" అనేవాళ్ళు. జిల్లా అంతా దాని పేరే అది.

మా నాయన పోయినప్పుడు, కంబదూరు దగ్గర పల్లెలో ఉన్న మేనత్తకు మనిషిని పంపమని అమ్మ ఏడ్చింది. నాయనకు ఆమె ఒక్కతే చెల్లెలు. మా అన్న గుమాస్తా. సర్కారు కొలువు వచ్చాక నేల మీద నడవడం మానేశాడు.

"మనిషెందుకు? పెద్దకర్మకు కార్డులు అచ్చేయిస్తాండా కదా, పోస్టులో పోతాది" అన్నాడు.

అచ్చుకు ముందు ప్రూఫు ఇంటికి తెచ్చాడు. చూస్తే అవే పెండ్లి అక్షరాలు! చుట్టూ నల్ల గీత కూడా లేదు.

"ఇదేందన్నా, చావు పత్రికకు ఈ సింగారమేంది? తెలుగులో వేయించు" అన్నాను.

"మా ఆఫీసర్లు చూడొద్దా? నీకేం తెలుస్తాది మే, ఊరుకో!"

ఆడపిల్ల మాట ఎవడికి కావాలి? అమ్మ గోడకు ఆనుకుని అట్లే కూర్చుంది. కార్డులు పోయాయి.

పెద్దకర్మ రోజు పొద్దున్నే ఇంటి ముందు జట్కా ఆగింది. అత్త దిగింది. తల నిండా కనకాంబరాలు, చంకలో కొత్త బట్టల మూట. ఆ ఏడు వాన చుక్క లేదు, ఆ బట్టలకు ఏం అమ్ముకుందో! చేతిలో మా కార్డు, దాని నాలుగు మూలలా తనే పూసిన పసుపు. వాళ్ళ పల్లెలో ఇంగ్లీషు చదివేవాళ్ళు లేరు. అంగడి షావుకారు అంకెలు చూసి తేదీ చెప్పాడట, అక్షరాల వాటం చూసి పెండ్లన్నాడట.

"ఏం వదినా, పిల్లకు కుదిరితే ఒక్క మాటన్నా చెప్పలేదే! మా అన్న యాడ?" అని నవ్వుతా లోపలికి వచ్చింది. కుంకుమ భరిణె తీసింది. బొట్టు లేని అమ్మ నుదురు చూసి చెయ్యి ఆగిపోయింది.

నేనే అరిచాను.

"నాయన పోయినాడత్తా!"

అత్త కూలబడింది. ఆమెను పట్టుకోవాల్సింది పోయి, మా అన్న మహానుభావుడు కిందపడిన కార్డు అందుకుని "దీంట్లో రాసిండాము కదత్తా" అన్నాడు. థూ! వాడి చదువు తగలెయ్య!

అత్త కళ్ళు కూడా తుడుచుకోలేదు.

"యాడ రాసినావు నాయనా? మా అన్న పేరు యాడుండాది, చూపించు" అంది.

అన్న ఒక వరస మీద వేలు పెట్టాడు. కాదని కిందికి జరిపాడు. మళ్ళీ పైకి తెచ్చాడు. ఆ మెలికల్లో నాయన పేరు వాడికీ దొరకలేదు.