ఆరు సెట్ల మీద పెన్సిల్ గుర్తులు

ఆ రోజు అమీర్‌పేటలో బస్సు దిగేసరికి జిరాక్స్ షాపు షట్టర్ దించి ఉంది. పక్క టీకొట్టతను నన్ను చూసి చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "అన్న పోయిండమ్మా. పొద్దుగాల గుండె ఆగిపోయింది," అన్నాడు. నాకు అర్థం కాలేదు. నిన్న సాయంత్రమేగా షాపాయన నన్ను పదింటికి రమ్మని, సంతకాలొక్కటే మిగులుతాయని చెప్పి పంపించింది! అది జరిగి పది రోజులైంది. ఇది రాస్తూ కూడా నమ్మలేకపోతున్నాను.

వీధి వీధంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే. ఆయన షాపు అద్దానికి మాత్రం యూనివర్సిటీ ఉద్యోగాల నోటిఫికేషన్లు అంటించి ఉండేవి. ఎవరైనా రాగానే ఎన్ని పోస్టులని అడిగితే, ఆ అంకె కనపడకుండా కాగితం మడిచేసేవాడు. "ఎన్నున్నయో తర్వాత. నీకేమున్నదో ముందు సదువు," అనేవాడు. అర్హతలన్నీ పైకి చదివిస్తేగాని మెషీన్ ముట్టేవాడు కాదు. కోపం వచ్చి వెళ్లిపోయినవాళ్లున్నారు. నేనూ విసుక్కున్నదాన్నే.

నాది కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పుకుంటున్నాను. కిందటిసారి లెక్చరర్ పోస్టులు పడితే, మొదటి వరుసలో పీహెచ్‌డీ అని చూసి, మనకెందుకులే అని వదిలేసిన తెలివి నాది. పీహెచ్‌డీ లేకున్నా, నాలా అర్హత పరీక్ష పాసైనవాళ్లూ పెట్టుకోవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆయన ఆ వరుస చదివించేనాటికి గడువు దాటిపోయింది. నాకంటే ఆయనే ఎక్కువ బాధపడ్డాడు. ఈసారి నోటిఫికేషన్ రాగానే కబురు పెట్టాడు. వయసు లెక్కన నాకిదే ఆఖరిది.

దరఖాస్తు ఆరు సెట్లు అడిగారు. ఆయన పిన్నులు కొట్టేవాడు కాదు, ఆఫీసుల్లో తుప్పు పట్టి కాగితం పాడవుతుందని. సూది దారంతో కుట్టేవాడు. నేతపని ఇంట్లో పుట్టినవాడు, ముడి కనపడనిచ్చేవాడు కాదు. సంతకం చేయాల్సిన ప్రతిచోటా పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టేవాడు. సంతకాలయ్యాక తనే రబ్బరుతో చెరిపి, ఉఫ్‌మని ఊది చేతికిచ్చేవాడు.

ఆయన పోయిన రోజే గడువు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఆ షట్టర్ వెనకే ఉన్నాయి. వెనక సందులో ఆయన ఇంటికి వెళ్లాను. చావింట్లో కాగితాల మాట ఎలా ఎత్తను? ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గేసింది. గుమ్మం దగ్గర ఏడుస్తూ నిలబడితే, ఆయన భార్య గుర్తుపట్టి, కొంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"పొద్దుగాల లేశి సుత నీ కాయితాల ముచ్చటే చెప్పిండు. తీస్కపో చెల్లె. గడువు దాటితే ఆయన ఊకోడు."

టీకొట్టతను షట్టర్ ఎత్తాడు. ఆరు సెట్లూ కుట్టి, సర్టిఫికెట్లతో కలిపి బల్ల మీద పెట్టి ఉన్నాయి. ఆయన గుర్తులు వెతుక్కుంటూ సంతకాలు చేశాను. ఒక్కసారైనా థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు నేను. రబ్బరు పక్కనే ఉంది. తీసుకున్నాను గాని చెరపడానికి చెయ్యి రాలేదు.

యూనివర్సిటీ కౌంటర్లో గుమాస్తా పేజీలు తిప్పుతూ, ఈ పెన్సిల్ గీతలేంటమ్మా, చెరపలేదేం అన్నాడు.

"చెరిపే మనిషి పొద్దున పోయాడండీ," అన్నాను.

గుమాస్తా ఆరు సెట్ల మీదా స్టాంపు ఆ గుర్తులకు తగలకుండా, కాస్త పక్కకు జరిపి వేశాడు.