చెంచా వెనక ఆవిడ పేరు

సీబ్‌లోని ఆ విల్లాకి నేను పగటి డ్యూటీ నర్సుగా వెళ్లేసరికి మామాకి పక్షవాతం వచ్చి నెల దాటింది. ఇక్కడ ఒమాన్‌లో ఇళ్లలో పెద్దావిడని మామా అనే పిలుస్తారు. అమెరికాలో పుట్టి, ఒమానీ మాస్టారిని పెళ్లాడి, నలభై ఏళ్లుగా ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆ మాస్టారిని నేను బాబా అనేదాన్ని. ముగ్గురం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే.

మామాకి కుడిచెయ్యి పడిపోయింది కానీ మాట పోలేదు. తినిపించబోతే మాత్రం పెదవులు బిగించేసేది.

"నేనేమైనా పసిపిల్లనా?"

ఆవిడకి మిగిలిన సరదా పాత అమెరికన్ వెండి చెంచాలు. గుడ్డ చుట్టల్లో ఇరవైకి పైగా ఉండేవి. మధ్యాహ్నాలు నాచేత ఒక్కొక్కటీ తీయించి, కాడ వెనక ఉన్న పేర్లు భూతద్దంతో చదివించుకునేది. పూర్వం అక్కడి కంసాలులు వెండి నాణేలు కరిగించి చెంచాలు చేసి, వెనక తమ పేరు ముద్ర వేసేవారట.

"మా ఊరు రుస్తాఖ్‌లోనూ అంతే సిస్టర్. మా అమ్మ కడియాలు నాణేలు కరిగించి చేసినవే" అన్నారు బాబా.

అల్ మవాలేలో మా రూమ్‌కి వెళ్లి ఈ సంగతి చెబితే, నాతో ఉండే కాకినాడ నర్సు ముక్కున వేలేసుకుంది. "ఎవరో ఎంగిలి చేసిన చెంచాలు దాచుకోడమేంటే బాబూ!"

వాటిలో ఒకటంటే మామాకి ప్రాణం. భర్త పోయాక కొలిమి ఆరిపోనివ్వకుండా తనే నడిపిన ఒక కంసాలి భార్య చేసిన చెంచా అది. మొన అంతా ఒకవైపే అరిగిపోయింది. పేరులో మూడక్షరాలే మిగిలాయి. మామా వాటిని వేలితో తడిమి చదివేది.

ఒక వారం ఆవిడ దాదాపు ఏమీ తినలేదు. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదన్నారు డాక్టరు. మర్నాడు పొద్దున్నే నేను ఎవరినీ అడక్కుండా ఆ చెంచా తీసి, వేడినీళ్లతో కడిగి, ఓట్స్ జావలో ముంచాను.

"తినిపించేది నేను కాదు మామా. ఈవిడ."

మామా చెంచా వైపు చాలాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచింది.

అప్పుడే బాబా గుమ్మంలోకి వచ్చారు. ఏళ్ల తరబడి ఎవరూ నోట పెట్టని చెంచా అది. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన మెల్లగా వచ్చి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నారు.

"నాకూ ఒకటి తీసివ్వు సిస్టర్" అన్నారు. ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు.

ఆ రోజు నుంచి పూటకో చెంచా. గొట్టం అవసరం పడలేదు. రెండు నెలలు గడిచాక మామా ఎడమచేత్తో తనే తినడం మొదలుపెట్టింది. సగం జావ గౌను మీదే పడేది. తుడవబోతే విసుగ్గా నా చెయ్యి తోసేసింది.

ఆ విసురుకి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వంటగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.