నాలుగు చెంచాల కడుపు

నరసరావుపేటలో పలావు వండేవాళ్ళు పదిమంది ఉంటే అందులో తొమ్మిదిమంది మగవాళ్ళు. పదో మనిషి కరీమున్నీసా. తండ్రికి మగపిల్లలు లేకపోవడంతో గరిటె ఆమె చేతికొచ్చింది. వచ్చాక ఇంకెవరికీ ఇవ్వలేదు. పెళ్ళి ఖాయమైందంటే ముందు కాజీగారికి కబురు పెట్టాలా, కరీమున్నీసాకు పెట్టాలా అని ఆలోచించే ఇళ్ళు ఆ ఊళ్ళో ఉండేవి. మనిషి కూడా ఆ పేరుకు తగ్గట్టే భారీగా ఉండేది. సన్నగా ఉన్న వంటమనిషి చేతి కూడు ఎవరు తింటారమ్మా అని తనే అనేసి నవ్వేది. ఆ నవ్వు పైపైన నవ్వే. లోపల మనిషి హడలిపోయి ఉండేది.

పంతొమ్మిది వందల ఎనభై ఆరు ఎండాకాలం నాటికి ఆమె పడుకుని నిద్రపోవడం మానేసింది. వెల్లకిలా పడుకుంటే గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోయేది. గోడకు చేరగిలబడి కూర్చునే కునుకు తీసేది. మోకాళ్ళు మడత పడేవి కావు. ఒకరోజు దొడ్లోకి వెళ్ళి కూర్చున్న మనిషి లేవలేకపోయింది. పక్కింటి రాహేలు, పెళ్ళిళ్ళలో ఆమెకు ఉల్లిపాయలు తరిగిపెట్టే మనిషి, వచ్చి రెండు చంకల కింద చేతులేసి లేపింది. కరీమున్నీసా ఆ రోజు నిజంగా ఏడ్చింది. తన చావు ఇలాగే, దొడ్లోనే, పిలిస్తే పలికేవాళ్ళు లేకుండా వస్తుందని ఆమెకు నమ్మకం కుదిరిపోయింది.

మొగుడు కాలేషా పొలాల్లో ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కు. భార్యను గుంటూరు తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరు గుండె చూసి, రక్తం చూసి, ఇలాగే ఉంటే రెండేళ్ళు బతకడం కూడా కష్టమని చెప్పాడు. పై దేశంలో చదువుకొచ్చిన సర్జను ఒకాయన మద్రాసులో ఉన్నాడని, పొట్టను చిన్నది చేసే ఆపరేషన్ ఆయనకు తెలుసని ఉత్తరం రాసిచ్చాడు. బరువెంతో రాయాలి. గుంటూరు డాక్టరు దగ్గరున్న తూకం మిషను ముల్లు చివరిదాకా పోయి ఆగిపోయింది. అసలు బరువు ఎక్కడన్నా తూయించి చెప్పమన్నాడు.

నరసరావుపేటలో అంత బరువు తూచే కాటా మిరపకాయల కొట్లోనే ఉంది. తెలిసినవాళ్ళేనని కాలేషా అక్కడికే తీసుకెళ్ళాడు. కరీమున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇనప బల్ల ఎక్కింది. క్వింటా ముప్పై రెండు. మిర్చి గోతాన్ని అక్కడ టిక్కీ అంటారు. "మూడు టిక్కీలురా అబ్బాయ్!" అని హమాలీ ఒకడు కేకేశాడు. కొట్టంతా ఘొల్లుమంది. వాళ్ళంతా ఆమె చేతి పలావు తిన్నవాళ్ళే. బల్ల దిగేటప్పుడు కాలు తడబడితే ఇంకో విడత నవ్వారు. నన్నడిగితే ఆ మధ్యాహ్నం ఆమెకు చావు కంటే నవ్వంటేనే ఎక్కువ భయం పట్టుకుంది.

ఆపరేషన్ గురించి మద్రాసులో ఒక సూళ్ళూరుపేట నర్సమ్మ తెలుగులో చెప్పింది. కాగితాలకు పిన్నులు కొట్టినట్టు పొట్టకు అడ్డంగా పిన్నులు కొడతారట. పైన కాఫీ కప్పు కంటే చిన్న సంచి మిగులుతుందట. తిండి అందులోకే పోవాలి. "నిండాక ఇంకో ముద్ద పడితే కుట్టు చిరిగినా చిరగొచ్చు. చిరిగితే మీ ఊరినుంచి ఇక్కడికి చేరే టైముండదు" అంది నర్సమ్మ. ఆమె మామూలుగానే చెప్పింది. కరీమున్నీసా మాత్రం ఆ మాటను ఆయుష్షంతటికీ సరిపడా మూటగట్టుకుంది.

ఎనభై ఏడు జనవరిలో కోశారు. ఊళ్ళో మాత్రం కడుపులో గడ్డ తీశారని చెప్పుకున్నారు. అసలు సంగతి మొగుడికీ రాహేలుకీ తప్ప నరమానవుడికి తెలియదు. గడ్డంటే అయ్యో అంటారు. తిండి ఎక్కువై పొట్ట కుట్టించుకుందంటే ఏమంటారు? పూట గడవని ఇళ్ళున్న వీధిలో ఆ మాట ఎలా చెప్పుకోవడం?

ఇక మొదలైంది అసలు బతుకు. తిండితోనే బతికిన మనిషికి తిండే శత్రువైంది. మన భోజనంలో నమలడం ఎక్కడుంది? అన్నంలో చారు పోసుకుని ముద్ద చేసి గొంతులోకి జారవిడవడమే. ఆ అలవాటు నలభై ఆరేళ్ళది. ఇప్పుడు చిన్న చెంచాతో మెతుకులు తీసి, పళ్ళ మధ్య పిండి చేసి, అప్పుడు మింగాలి. అన్నంతోపాటు నీళ్ళు తాగకూడదు. అర ఇడ్లీకి అరగంట. మొదట్లో రెండు చెంచాలు, ఆర్నెల్లు దాటాక నాలుగు. ఒకరోజు పరధ్యానంలో ఐదోది మింగింది. రొమ్ము ఎముక కింద రాయి పడ్డట్టయింది. చెమటలు కారాయి, నోట్లో నీళ్ళూరాయి, మొత్తం బయటికొచ్చింది. పిన్ను ఊడిపోయిందనుకుని కలిమా చదువుకుంది. కాలేషా చేతికున్న గ్రీజు కూడా తుడుచుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

"కొత్త గాస్కెట్ వేసిన ఇంజన్ని ఫుల్ లోడు మీద నడుపుతారంటే? నీకెన్నిసార్లు చెప్పాలా?" అన్నాడు. అన్నాడే గానీ ఆ గ్రీజు చేత్తోనే ఆమె వీపు నిమిరాడు.

అప్పటినుంచి కడుపులో ఏ చిన్న చప్పుడైనా పిన్ను ఊడిన చప్పుడే. తుమ్మాలంటే భయం, బరువెత్తాలంటే భయం. జుట్టు గుప్పెళ్ళుగా రాలింది. చేతుల కింద చర్మం వేలాడింది. గాజులు మోచేతి దాకా జారేవి. రాత్రిళ్ళు పడుకుని నిద్రపోతోందన్న మాట నిజమే, మోకాళ్ళు మడత పడుతున్న మాటా నిజమే. ఆ సంతోషం పడనిచ్చేదెవరు? వీధిలో వాళ్ళు చాటుగా క్షయ అనుకుంటున్నారని రాహేలు చెప్పింది.

అయినా గరిటె వదల్లేదు. ఉప్పు చూడడానికి ఉపాయం దొరికింది. రంజాన్లో రోజా, అంటే ఉపవాసం, ఉన్న వంటవాళ్ళు నాలుక చివర తాకించి ఉమ్మేస్తారు కదా, ఈమె ఏడాదంతా అదే పద్ధతి పెట్టుకుంది. కానీ ఇంకో గండం ఉంది. ఆ వీధుల్లో పెళ్ళంటే పలావు వండిన పెద్ద గుండిగ, డేగిసా, మూత తీయగానే ఇంటి పెద్దావిడ మొదటి పళ్ళెం వండిన మనిషికే పెట్టాలి. ఆ మనిషి పొయ్యి పక్కనే అందరూ చూస్తుండగా తినాలి. ఆ తరవాతే పంక్తిలో చెయ్యి కదులుతుంది. చిన్న చిన్న కార్యాలప్పుడు కరీమున్నీసా రెండు మెతుకులు నోట వేసుకుని, పళ్ళెం చాటుకు తీసుకెళ్ళి రాహేలుకిచ్చేది. రాహేలు పాపం ఇద్దరు మనుషుల తిండీ తినేది.

సెప్టెంబరులో అబ్దుల్ రహీమ్ కూతురి పెళ్ళి వచ్చింది. చిలకలూరిపేటలో దూది వ్యాపారం ఆయనది. రెండు డేగిసాలు, నాలుగొందల మంది. ఉదయం నుంచి పొయ్యి దగ్గర నిలబడి నీరసం వస్తే కరీమున్నీసా తన నాలుగు చెంచాల పెరుగన్నం అప్పుడే తినేసింది. సంచి నిండింది. సరిగ్గా అప్పుడు రహీమ్ తల్లి ఖాతూన్ బీ పళ్ళెం నిండా పలావు, పైన రెండు పెద్ద ముక్కలు పెట్టి తెచ్చింది. చాటుకు పోనిస్తే కదా! మోడా లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నా కళ్ళ ముందర తినే. చానా చిక్కిపోయినావు."

"ఇప్పుడు ఆకలి లేదు పెద్దమ్మా" అంది కరీమున్నీసా.

వండిన మనిషి అనగూడని మాట ఒకటుంటే అది అదే. ఖాతూన్ బీ మొహం మారిపోయింది. వడ్డించే ఆడమనిషి ఆ మాట విని నీళ్ళు పోసేవాడితో అంది. వాడు పంక్తిలో ఎవరితోనో అన్నాడు. పందిరి ఆ చివరికి చేరేసరికి ఆకలి లేకపోవడం బల్లి అయింది. డేగిసాలో బల్లి పడిందట, వండినామె చూసిందట, అందుకే ముట్టడం లేదట. నాలుగు వరసల జనం పళ్ళేల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

అబ్దుల్ రహీమ్ చెమటలు తుడుచుకుంటూ తల్లి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, జనం ముద్ద ఎత్తటంలా. బల్లంటున్నారు. ఏందిది? రెండు డేగిసాలూ పారబోయించమంటావా?"

పారబోస్తే తెల్లారేసరికి ఆ మాట గురజాల దాకా పోతుంది. ఇక జన్మలో ఎవరూ పిలవరు. నిజం చెబితే నవ్వుతారు. తింటే కుట్టు చిరుగుతుంది. కరీమున్నీసా మూడూ చూసుకుంది. మూడింట్లో చావే తక్కువ భయంగా కనిపించింది ఆ పిచ్చిదానికి. పళ్ళెం అందుకుంది.

మొదటి ముద్ద పిండిలా నమిలింది. గొంతు దిగింది. అందరూ చూస్తున్నారు. రెండోది దిగింది కానీ కిందికి పోలేదు, అక్కడే నిలిచింది. మూడోది దాని మీద పడింది. రొమ్ము ఎముక కింద ఎవరో గునపం పెట్టి నొక్కుతున్నట్టుంది. కళ్ళకు చీకట్లు కమ్మాయి. "ఉప్పు సరిపోయింది, కానివ్వండి" అని నవ్వు మొహంతో చెప్పింది. పంక్తిలో చేతులు కదిలాయి.

ఇప్పుడు కక్కకూడదు. వండిన మనిషి తిని కక్కిందంటే ఇంకేమన్నా ఉందా! నోట్లో ఊరే నీళ్ళు మింగుతూ, పొయ్యి గట్టు పట్టుకుని, పంక్తి లేచేదాకా అలాగే నిలబడింది. ఎంతసేపని? మాంసం అడిగినవాళ్ళకు మాంసం, దాల్చా అడిగినవాళ్ళకు దాల్చా. లోపల చిరుగుతోందా, చిరిగిందా, ఇదేనా ఆఖరు? కాలేషాను పిలిపిద్దామంటే నోరు తెరిస్తే ఏమవుతుందో తెలియదు.

పంక్తి లేవగానే కట్టెల మోపు వెనక్కి వెళ్ళి వంగింది. అంతా బయటికొచ్చింది. తల ఎత్తేసరికి ఎదురుగా ఖాతూన్ బీ.

ముసలామె పెదాలు అదురుతున్నాయి. "నిజంగానే పడిందంటే? రొండొందల మంది తిన్నారు గదే! పసిబిడ్డలు తిన్నారే!"

ఆ మొహంలోని భయం చూశాక కరీమున్నీసాకు దాచడం చేతకాలేదు. ఖాతూన్ బీ చెయ్యి పట్టుకుని తన చీర కిందికి, పొట్ట మీదికి తీసుకెళ్ళింది. రొమ్ము దగ్గర్నుంచి బొడ్డు దాకా ఉబ్బెత్తుగా ఉన్న కోత మీద ఆ ముసలి వేళ్ళు ఆగుతూ నడిచాయి. ఏడుస్తూ మొత్తం చెప్పింది, మద్రాసు, పిన్నులు, నాలుగు చెంచాలు.

"మరి చెప్పవేందే ముందు?"

"నవ్వుతారని పెద్దమ్మా."

"నవ్వితే చస్తావంటే? తింటే చచ్చేదానివి గదే!" అని ఖాతూన్ బీ ఆమె నెత్తి మీద ఒక్కటి మొట్టింది. తరవాత తన కొంగుతోనే ఆమె మూతి తుడిచింది.

రెండో పంక్తి కూర్చుంది. రెండో డేగిసా మూత మీద నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఖాతూన్ బీ ఆమెను చెయ్యి పట్టుకుని పందిరి ముందుకు లాక్కొచ్చి, "చెప్పు" అంది.

"నా పొట్ట కోసి కుట్టారు. నాలుగు చెంచాలకు మించి పట్టదు. అందుకే తినలా. బల్లీ లేదు, తొండా లేదు" అంది కరీమున్నీసా.

మూడో వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. "వండేదేమో డేగిసాలు, తినేదేమో చెంచాలంటరా!" అన్నాడు. నవ్వు వరస నుంచి వరసకు పాకింది. ఆమె కడుపు ఇంకా మండుతూనే ఉంది. కుట్టు నిలిచిందో లేదో సాయంత్రానికి గానీ తెలియదు. అలాగే నిలబడి వాళ్ళ నవ్వు అయిపోయేదాకా విన్నది.

"నవ్వటం అయితే చేతులు కడుక్కోండి" అని, మూత మీది నిప్పులు దులపడానికి వంగింది. ఖాతూన్ బీ అప్పటికే మోడా మీద కూర్చుని, ఆమె తినాల్సిన మొదటి పళ్ళెం ఖాళీగానే తన ఒళ్ళో పెట్టుకుంది.